నల్గొండ టింబర్ డిపోలో మహాగని: తలుపు రెక్కలకు సరే, దర్వాజ చట్రానికి వద్దు

ఈ డిపోలో మహాగని అడిగితే మూడు రకాల కట్టె చూపిస్తారు. ధరల బోర్డు మీద మాత్రం పేరు ఒక్కటే. నల్గొండ శివారులో కోత మిషన్‌తో కలిసి నడిచే డిపో ఇది. దేవరకొండ, మిర్యాలగూడ వైపు నుంచి కూడా ఇల్లు కట్టుకునేవాళ్లు వస్తారు. టేకు ధర అందదనగానే వడ్లాయన నోట ఇప్పుడు మొదట వచ్చే పేరు మహాగనే. అందుకే ఏది ఏదో తెలుసుకుని లోపలికి వెళ్లడం మంచిది.

షెడ్డులో ఎడమ పక్క ఉన్నది అసలు మహాగని, స్వీటేనియా జాతి. కరీబియన్ దీవుల రకం 1795లోనే కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వచ్చింది. మధ్య, దక్షిణ అమెరికా అడవుల పెద్దాకు మహాగని మీద 2003 నుంచి అంతర్జాతీయ నియంత్రణ ఉంది. ఇక్కడున్న మొద్దులు మన దేశంలో తోటల్లో, రోడ్ల పక్కన పెంచిన చెట్లవే. రెండోది ఆఫ్రికా ఖాయా. గుజరాత్‌లో కండ్లా రేవు దగ్గరి గాంధీధామ్ మిల్లుల్లో కోత అయి లారీల్లో వస్తుంది. కుటుంబం ఒకటే కాబట్టి దాన్ని మహాగని అంటే పెద్ద తప్పేం కాదు. మూడోది ఎర్ర రంగు పూసిన మెరాంటీ. అది మన గుగ్గిలం చెట్టు చుట్టం. మహాగనికి దానితో ఏ సంబంధమూ లేదు.

రంగు చూసి నమ్మొద్దు. పలక చివర పదునైన బ్లేడుతో అడ్డంగా పలుచగా గీసి, పది రెట్లు పెద్దదిగా చూపే లెన్సుతో చూడండి. అసలు మహాగనిలో ఏటేటి వలయాల అంచున సన్నటి లేతరంగు గీత తెగకుండా సాగుతుంది. ఖాయాలో ఆ గీత కనపడదు. మెరాంటీలో తెల్లటి చుక్కలు వరుస కట్టి ఉంటాయి, అవి బంక నాళాలు. లెన్సు తీయగానే కౌంటర్ దగ్గరి మనిషి ‘అది వేరే ఐటెం సార్’ అని తనే చెప్పేస్తాడు. అడిగితే నిజం చెబుతారు, అడగకపోతే బిల్లులో అన్నీ మహాగనే. ఈ డిపో మీద మొదటి ఫిర్యాదు ఇదే.

అసలు నష్టం తెల్లకట్టెలో, అంటే మాను బయటి వైపు చేవ లేని పొరలో ఉంది. కొలత పాత పద్ధతిదే: చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. 48 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు ఉన్న మొద్దు ఈ లెక్కన 10 ఘనపుటడుగులు. నిజానికి అందులో 12.7 దాకా కట్టె ఉంటుంది కాబట్టి ఇక్కడిదాకా కొనేవాడికే లాభం. కానీ చేవ చుట్టూ ఒకటిన్నర అంగుళం తెల్లకట్టె ఉంటే మూడో వంతుకు పైనే పోయినట్టు. అదే 30 అంగుళాల చుట్టుకొలత మొద్దయితే సగానికి మించి తెల్లకట్టే. వయసు చాలని తోట చెట్లు కొట్టి అమ్మితే జరిగేది ఇదే. పైగా లేత మహాగని చిగురును తొలిచే పురుగు ఉంది. మొవ్వ చచ్చి చెట్టు రెండు మూడు కొమ్మలుగా చీలుతుంది, నిటారు మాను పొట్టిదైపోతుంది. పాలమూరు జిల్లాలో మొక్కలు అమ్మేవాళ్ల కరపత్రాల్లో ఈ ముక్క ఉండదు!

తెల్లకట్టెకు పొడి పురుగు పడుతుంది. సూది మొనంత రంధ్రాలు, కింద గోధుమ పిండిలా మెత్తటి పొడి కనిపిస్తే ఆ పలక మొహం చూడొద్దు. తెల్లకట్టె తప్పదనుకుంటే చిత్రిక పట్టాక, పాలిష్‌కు ముందు బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పట్టించాలి. డిపోలో ఆ పని చేయరు.

రెండో ఫిర్యాదు ఎండబెట్టడం గురించి. పలకల మధ్య అడ్డపట్టీలు పెట్టకుండా ఒకదాని మీద ఒకటి పేర్చారు, కొన్ని గోడకు ఆనించారు. చివరలకు రంగు పూయలేదు, అందుకే కొసల్లో జానెడు పగుళ్లు. తేమ మీటరు తీసుకెళ్లండి. చివర గుచ్చితే లాభం లేదు, కొస ముందే ఆరిపోతుంది. కనీసం అడుగు లోపల గుచ్చాలి. 12 శాతం దగ్గర ఉంటే తీసుకోవచ్చు. 18 శాతం తేమతో కొన్న అడుగు వెడల్పు పలక నల్గొండ మే నెల ఎండకు 8 శాతానికి దిగితే నాలుగు మిల్లీమీటర్లకు పైగా ముడుచుకుంటుంది. మహాగని చాలా కట్టెల కంటే తక్కువ ముడుచుకునేదే, వంకర తిరగడమూ తక్కువే. ఆ గుణం చూసే కొంటాం, పచ్చిది కొంటే అది దక్కదు.

కోత మాత్రం బాగుంది. బ్యాండ్ సా మీద కోస్తారు, పొట్టుగా పోయేది తక్కువ, మందం ఒక చివర నుంచి రెండో చివరకు తేడా రాదు. పలకలు మనమే ఏరుకోనిస్తారు. విసుక్కోరు.

దేనికి వాడాలంటే: తలుపు రెక్కలు, అల్మారాలు, మంచాలు, పూజ మందసం. చేవ కట్టె అయితే కుసులు (అతుకు కోసం చెక్కే కొసలు) చక్కగా దిగుతాయి, పాలిష్ నిగ్గు తేలుతుంది. పోగు అటూ ఇటూ తిరిగే పలకను చిత్రిక ఎదురు పట్టిస్తే పెచ్చులు లేస్తాయి. బ్లేడు పదును పెట్టించి సన్నగా తీయాలి. సూక్ష్మ రంధ్రాలు తెరుచుకుని ఉంటాయి కాబట్టి ఫిల్లర్ కొట్టకుండా పాలిష్ వేస్తే గుంటలు కనపడతాయి. వాన తగిలే చోట ఇనుప స్క్రూలు నల్ల మరక పెడతాయి, ఇత్తడివి వాడించండి. రెక్కల నడిమి పలకను గాడిలో జిగురు పెట్టి బిగించొద్దు, ముడుచుకున్నప్పుడు నిలువునా చీలుతుంది.

బయటి దర్వాజకు, ముఖ్యంగా గడపకు, తోట మహాగని వద్దు. మన ఎర్రనేలల్లో చెద దాన్ని వదలదు. ఆ ఒక్కదానికి టేకో, బాగా ఆరిన వేపో తీసుకోండి. ఐదు మూడు అంగుళాల సైజులో 7 అడుగుల నిలువులు రెండు, మూడున్నర అడుగుల అడ్డాలు రెండు కలిపితే 2.19 ఘనపుటడుగులే. ధర తేడా భరించలేనంత కాదు.

డబ్బు కట్టే ముందు ఏరిన పలకల మీద సుద్దతో పేరు రాసి రెండు వైపులా ఫోటో తీసుకోండి. బిల్లులో కట్టె రకం పేరు, తేమ శాతం రాయించండి. ఒకసారి కోత పడ్డాక ఏ పలకా వెనక్కి తీసుకోరు.