"లైనక్స్ గేమింగ్ పీసీ" పేరుతో అమ్మే రెడీమేడ్ సెట్లతో జాగ్రత్త: వరంగల్, కరీంనగర్ వైపు కొనేటోళ్లకు

"ఐ7, 16 జీబీ ర్యామ్, 1050 టీఐ 4 జీబీ, లైనక్స్ గేమింగ్ పీసీ" అని హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు తిరుగుతుంటయి. అసొంటి సెట్టుకు అడ్వాన్స్ కొట్టే ముందు ఇది చదవండి. ఎక్కువ మోసపోయేది ఇంట్ల అడిగి పైసలు తెచ్చుకునే హాస్టల్ పిల్లలే.

లైనక్స్‌లో (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) తప్పేం లేదు. 2018లో స్టీమ్‌కు (గేములు కొని ఆడే యాప్) ప్రోటాన్ (విండోస్ గేములను లైనక్స్‌లో నడిపేది) వచ్చినప్పటి నుంచి విండోస్ గేములు చాలామట్టుకు దాని మీద నడుస్తున్నయి. కానీ లైనక్స్ సెట్టు ముందు కూర్చుంటే ఏం చూడాలో చాలామందికి తెల్వదు. అమ్మేటోనికి అదే ధైర్యం.

అసలు మోసం గ్రాఫిక్స్ కార్డుల ఉంటది. ఎన్విడియా పాత తరం ఫెర్మీ కార్డు, అంటే జీటీఎస్ 450 అసొంటిది, దాని బయాస్ (కార్డు లోపలి ప్రోగ్రాం) మార్చి 1050 టీఐ అని చూపిస్తరు. ముందు కార్డు వెనక చూడండి: నీలం రంగు వీజీఏ పోర్టు ఉంటే అక్కడికక్కడే వద్దనండి. 10 సిరీస్ నుంచి ఎన్విడియా అనలాగ్ అవుట్‌పుట్టే తీసేసింది, నిజమైన 1050 టీఐకి ఆ పోర్టు రాదు. తర్వాత లైనక్స్ మింట్ ఎక్కించిన మీ సొంత పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డీమెసేజ్ (dmesg) కమాండ్‌లో నూవో (nouveau, లైనక్స్‌తో వచ్చే ఎన్విడియా డ్రైవర్) లైన్లు చదవండి. నూవో డ్రైవర్ పేరును నమ్మదు, చిప్పునే అడుగుతది. జీపీ107 అని వస్తే అసలుది. జీఎఫ్106, జీఎఫ్116 అని వస్తే లోపల ఉన్నది 2010 కాలం చిప్పు.

షాపుల చిన్న గేము ఒకటి ఆడించి చూపిస్తరు, అది ఓపెన్‌జీఎల్ (పాత గ్రాఫిక్స్ పద్ధతి) మీద నడుస్తది కాబట్టి పాత కార్డు కూడా లాగేస్తది. ఇంటికొచ్చి స్టీమ్‌లో గేము పెడితే నల్ల స్క్రీన్. ఎందుకంటే ప్రోటాన్ డైరెక్ట్‌ఎక్స్‌ను (విండోస్ గేముల గ్రాఫిక్స్ పద్ధతి) వల్కన్‌లోకి (లైనక్స్‌లో నడిచే కొత్త పద్ధతి) మారుస్తది, అందులోని డీఎక్స్‌వీకే 2022లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి వల్కన్ 1.3 అడుగుతది. ఫెర్మీకి ఎన్విడియా వల్కన్ ఇయ్యనేలేదు. ఫెర్మీ తర్వాతి తరం కెప్లర్ చిప్పున్న జీటీ 730 అసలుదే అయినా 470 డ్రైవర్ దగ్గర ఆగిపోయింది, అందులో వల్కన్ 1.2 దాకే. వాళ్లెక్కించిన సిస్టమ్‌లోనే వల్కన్ఇన్ఫో (vulkaninfo) కమాండ్ నడపమనండి. ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఒక్కటే కనిపిస్తే బొమ్మ గీస్తున్నది కార్డు కాదు, ప్రాసెసర్.

ఏఎండీ కార్డు ఆర్‌ఎక్స్ 580 అని చెప్తే ఎల్‌ఎస్‌పీసీఐ (lspci) కమాండ్‌లో 2048ఎస్‌పీ అని ఉందా చూడండి. ఉంటే అది దాదాపు 570 కార్డే; లైనక్స్‌లో మంచిగనే నడుస్తది, 580 రేటు మాత్రం పెట్టొద్దు.

"ఐ7" అన్న మాటకు పడిపోవద్దు. ఎల్‌ఎస్‌సీపీయూ (lscpu) కమాండ్ కొట్టండి. ఐ7 3770 అంటే 2012 నాటిది, ఏవీఎక్స్2 అనే సౌకర్యం లేదు, అది తప్పనిసరి అనే కొత్త గేములు తెరుచుకోనే తెరుచుకోవు.

ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే డబ్బా) స్టిక్కర్ మీద 450 వాట్ అని పెద్దగ రాసి ఉంటది. కింద 12 వోల్టుల వరుస చూడండి. 16 ఆంపియర్లే ఉంటే 12ను 16తో గుణించండి, 192 వాట్లు. ఆర్‌ఎక్స్ 580కే 185 వాట్లు పోతయి, ఆ 3770 ప్రాసెసర్‌కు 77 వాట్లు ఏడికెల్లి వస్తయి? గేము మధ్యల మిషన్ దానంతటదే ఆగిపోతది, తిట్లు లైనక్స్‌కు పడ్తయి. పైన రామగుండం, మంచిర్యాల ఎండలు. ముందంతా అద్దమే ఉండి గాలి దూరని క్యాబినెట్ వద్దేవద్దు.

ఇంకొకటి, "అన్ని గేములు నడుస్తయి" అనే మాట అబద్ధం. వాలరెంట్, ఫోర్ట్‌నైట్, పీసీ పబ్‌జీ లైనక్స్‌లో నడవవు. అపెక్స్ లెజెండ్స్‌ను లైనక్స్‌లో 2024లో బంద్ పెట్టిన్రు. బ్లూస్టాక్స్‌కు (పీసీల మొబైల్ గేములు ఆడే యాప్) లైనక్స్ వెర్షన్ లేదు. సీఎస్2, డోటా 2 నేరుగా నడుస్తయి.

రెడీమేడ్ సెట్టు కంటే విడిభాగాలు కొని బిగించుకోవడం మేలు: రైజెన్ 5 5600, బీ550 బోర్డు, 8 జీబీ ర్యామ్ రెండు, ఆర్‌ఎక్స్ 6600, 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్. 6600కు డ్రైవర్ వెతికే పని లేదు, లైనక్స్‌తోనే వచ్చే కెర్నల్, మెసాలోనే ఉంది. ప్రాసెసర్ కింది పిన్నులు వంగకుండా త్రిభుజం గుర్తులు కలిపి, బలం పెట్టకుండా దింపండి. ర్యామ్ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లల్ల పెట్టండి, బోర్డు బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి స్పీడుకు పెట్టే సెట్టింగ్) ఆన్ చేయండి. హెచ్‌డీఎంఐ వైరు బోర్డుకు కాదు, కార్డుకు పెట్టాలె.

సికింద్రాబాద్ సీటీసీల (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) కొన్నా, ఇక్కడ కొన్నా "బిల్లు లేకుంటే తగ్గిస్తం" అంటే ఒప్పుకోకండి. ఒక్కో పార్టు సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు కావాలె. బాక్స్ ప్రాసెసర్‌కు కంపెనీ వారంటీ 3 సంవత్సరాలు. డబ్బా లేకుండా లూజ్‌గా ఇచ్చేదానికి షాపాయన మాటే వారంటీ.

ఇప్పటికే కొన్నోళ్లు కార్డు వాపసు ఇచ్చే ముందే స్టిక్కర్లు, పోర్టులు, డీమెసేజ్ స్క్రీన్ ఫొటోలు తీసిపెట్టుకోండి. ప్రకటన, చాటింగ్, యూపీఐ రసీదు చెరపొద్దు. ముందు 1915కు (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి. పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు 2 సంవత్సరాలు.