పట్టేసిన క్లచ్ పెడల్, ముషీరాబాద్‌లో బోర్డు లేని షెడ్డు

నా దగ్గరున్న 2004 మోడల్ మారుతి జెన్ ఇప్పటికీ ఏపీ 09 నంబరుతోనే తిరుగుతోంది. పదిహేనేళ్లు నిండాక ఒకసారి, ఆ తర్వాత ఐదేళ్లకు మరోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాను కాబట్టి, చిన్న మరమ్మతు వస్తే దాన్ని వదిలించుకునే ఆలోచన నాకు లేదు. మొన్నటి వానల్లో పంజాగుట్ట సిగ్నల్ దగ్గర దాని క్లచ్ పెడల్ సగం వరకే పైకి వచ్చి ఆగిపోయింది. బూటు మొనను కింద దూర్చి ఎత్తితే గాని మిగతా సగం రాలేదు. వెనుక సిటీ బస్సు హారన్ మోగుతుండగా ఆ పని చేయడం ఎలా ఉంటుందో ఈ ఊళ్లో కారు నడిపేవారికి వివరించనక్కర్లేదు.

ఇంటికి దగ్గరలో ఉన్న గ్యారేజీవారు పెడల్‌ను రెండుసార్లు తొక్కి చూసి, ఇంజను శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే క్లచ్ ప్లేటు, దాన్ని నొక్కి ఉంచే ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు ఆ పట్టు వదిలించే రిలీజ్ బేరింగ్ మొత్తం సెట్టుగా మార్చాలని, కూలితో కలిపి 9,000 రూపాయలు అవుతుందని చెప్పారు. బానెట్ ఎత్తకుండానే ఆ సంగతి ఎలా తెలిసిందని అడిగితే, పాత బండ్లన్నిటికీ అంతేనన్నారు. ఆ జవాబు నచ్చక, సహోద్యోగి చెప్పిన ముషీరాబాద్ గల్లీలోని షెడ్డుకు వెళ్లాను. దానికి బోర్డు లేదు. నడిపే పెద్దమనిషిని గల్లీ అంతా ఉస్తాద్ అనే పిలుస్తుంది.

అక్కడ పని మొదలయ్యే తీరే వేరు. ముందుగా, చూసినందుకు 200 రూపాయలు విడిగా తీసుకుంటానని, మరమ్మతు అక్కడే చేయించుకున్నా ఆ సొమ్ము తగ్గించనని చెప్పారు. తర్వాత ప్రశ్నలు వేశారు. "పొద్దున చల్లగున్నప్పుడు పడుతుందా, ట్రాఫిక్‌ల వేడెక్కినంక పడుతుందా? వాన పడ్డ మర్నాడు ఎట్లుంటది? రివర్స్ ఏసేటప్పుడు గరగర అంటుందా?" వాన పడిన మర్నాడు మరీ ఎక్కువగా పట్టేస్తోందని, గేర్లు మాత్రం సాఫీగానే పడుతున్నాయని చెప్పాను. ఆయన తల ఊపి ఊరుకున్నారు. సగం రోగం అక్కడే పట్టుబడిందని నాకు తర్వాత అర్థమైంది.

జెన్‌లో క్లచ్ కేబుల్‌తో పనిచేస్తుంది. పెడల్ తొక్కితే కేబుల్ గేర్‌బాక్స్ మీది లీవరును లాగుతుంది, ఆ లీవరు లోపలి బేరింగును ప్రెషర్ ప్లేటు స్ప్రింగు మీదికి నెడుతుంది, కాలు తీయగానే ఆ స్ప్రింగు బలమే అన్నిటినీ వెనక్కి తోస్తుంది. కాబట్టి పెడల్ తిరిగి రాకపోతే తప్పు పెడల్ ఇరుసు దగ్గర ఉండవచ్చు, కేబుల్‌లో ఉండవచ్చు, గేర్‌బాక్స్ లోపల ఉండవచ్చు. మొదటి రెండూ చిన్న ఖర్చులు, మూడోదానికి గేర్‌బాక్స్ దించాలి. ఉస్తాద్ చేసిందల్లా ఈ మూడింటినీ ఒకదాని నుంచి మరొకటి విడదీసి చూడడమే. కేబుల్ కొసను గేర్‌బాక్స్ లీవరు నుంచి విప్పి, లీవరుకు చిన్న పైపు తగిలించి నొక్కి వదిలారు, అది వెంటనే వెనక్కి తన్నింది. రెండో కొసను పెడల్ నుంచి తప్పించగానే పెడల్ ఊయలలా ఊగింది. మిగిలింది కేబుల్ ఒక్కటే. దాన్ని నా చేతికిచ్చి లాగమన్నారు, లాగితే ఒకచోట ఇసుకలో ఈడ్చినట్లు గరుకుగా తగిలింది. బయటికి తీసి చూస్తే, క్యాబిన్‌కూ ఇంజనుకూ మధ్యనున్న రేకు గుండా అది వెళ్లే చోట రబ్బరు బుష్ చిరిగి నీళ్లు దిగాయి, లోపలి తీగ తుప్పు పట్టింది, తెగిన రెండు పోగులు పైతొడుగుకు గుచ్చుకుని ఉన్నాయి.

కొత్త కేబుల్ వేశాక ప్లేటు సంగతి కూడా తేల్చారు. హ్యాండ్‌బ్రేకు లాగి, మూడో గేరు వేసి, క్లచ్ నెమ్మదిగా వదిలితే ఇంజను వెంటనే ఆగిపోయింది. ప్లేటు జారుతుంటే ఇంజను అలా ఆగదు, తిరుగుతూనే ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే గుర్రుమనే శబ్దం వస్తే రిలీజ్ బేరింగును అనుమానించాలి, నా బండిలో అదీ లేదు. "ప్లేటు మంచిగనే ఉన్నది సార్, ఇంకా నడుస్తది," అన్నారు.

చూసినందుకు డబ్బులేమిటని మనలో చాలామంది నొచ్చుకుంటాం. నేనూ మొదట నొచ్చుకున్నాను. అయితే చూడడానికి ఏమీ తీసుకోని గ్యారేజీ తన రాబడిని విడిభాగాలు మార్చడంలోనే చూసుకోవాలి కాబట్టి, దాని సలహా ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. కేబుల్‌కు 480, కూలికి 600, చూసినందుకు 200, మొత్తం 1,280 రూపాయలయ్యాయి. ఇందులో అన్నిటికన్నా సబబైన ఖర్చు ఆ 200 రూపాయలే అనిపించింది.

లోపాలు లేకపోలేదు. విడిభాగాలు ఆయన ఉంచరు, కేబుల్ కోసం నేనే పాతదాన్ని కాగితంలో చుట్టుకుని రాణిగంజ్‌కు వెళ్లి, దుకాణం బల్ల మీద రెండింటినీ పక్కపక్కన పెట్టి పొడవు సరిచూసి తెచ్చాను. గంటన్నర అన్న పని నాలుగు గంటలు పట్టింది, కూర్చోవడానికి ఉన్న ఒకే కుర్చీకి మూడు కాళ్లే నమ్మకమైనవి. బిల్లు అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చారు. పైగా ఆయన పట్టంతా కేబుల్ బండ్ల మీదే. నేనున్నప్పుడే ద్రవంతో పనిచేసే క్లచ్ ఉన్న ఒక సెడాన్ వచ్చింది. దాని పెడల్ అడుగుకు వెళ్లి అక్కడే ఉండిపోతోంది, మూడుసార్లు ఆడిస్తే మళ్లీ పైకి వస్తోంది. పెడల్ తొక్కినప్పుడు ఆ ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్ చుట్టూ ఉస్తాద్ వేలితో తడిమి, చెమ్మ చూపించి, సీల్ పోయిందని చెప్పారు గానీ, ఆ పని తాను చేయనని మరోచోటికి పంపేశారు. అలాంటి కారు ఉన్నవారికి ఈ షెడ్డు వల్ల సగం ప్రయోజనమే.

కొత్త కేబుల్ కొంత సాగుతుందని, 500 కిలోమీటర్ల తర్వాత రమ్మని చెప్పారు. వెళ్తే లీవరు దగ్గరి నట్టును కొద్దిగా తిప్పి, బరువు తగిలేలోపు పెడల్ వేలితో నొక్కితే కదిలే వదులును సరిచేశారు, డబ్బు తీసుకోలేదు. శుక్రవారం షెడ్డు తెరవరు. మిగతా రోజుల్లో పదింటిలోపు వెళ్లకపోతే గల్లీలో బండి నిలపడానికి చోటు దొరకదు.