మూడేళ్లుగా టెస్టోస్టిరాన్ జెల్ వాడుతున్నాను: నా కోపం మందు మీద కాదు, పరీక్ష మీద

చర్మం మీద రాసుకునే ఈ మగ హార్మోన్ జెల్ ఎప్పుడు రాసుకోవాలి, ఎంతసేపు ఆరనివ్వాలి అన్నవి డబ్బాలోని కాగితంలోనే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. మూడేళ్లలో మందు నన్ను పెద్దగా బాధపెట్టలేదు. అది ఒంట్లో ఎంత ఉందో చూసే రక్త పరీక్ష వల్ల మాత్రం మూడు నెలలు పోగొట్టుకున్నాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

మొదలుపెట్టేనాటికి నాకు యాభై ఎనిమిదేళ్లు. కోరిక దాదాపు పోయింది. తెల్లవారుజామున సహజంగా వచ్చే అంగస్తంభనలు ఆగిపోయి ఏడాది దాటింది. నీరసం కూడా ఉంది గానీ, ఈ వయసులో నీరసానికి సవాలక్ష కారణాలుంటాయి. తర్వాత చదివితే తెలిసింది, టెస్టోస్టిరాన్ తగ్గుదలతో గట్టిగా ముడిపడి కనిపించేవి ఈ లైంగిక లక్షణాలేనట. నీరసం ఒక్కటే ఉంటే దాన్నిబట్టి ఏమీ తేల్చలేం.

నిజానికి పరీక్షతో నా గొడవ మొదటి రోజే మొదలైంది. జ్వరం తగ్గి వారం కూడా కాలేదు, మధ్యాహ్నం భోజనం చేసి వెళ్లాను, అప్పుడే రక్తం తీశారు. టెస్టోస్టిరాన్ 212 (డెసిలీటరు రక్తానికి నానోగ్రాముల్లో) వచ్చింది. ఆ ఒక్క కాగితం చూసి మొదటి డాక్టరు ఇంజెక్షన్ రాసేశారు. నాకెందుకో మనసొప్పక ఒక ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టరు) దగ్గరికి వెళ్లాను. ఆయన ఆ రిపోర్టును పక్కన పెట్టేశారు. ఈ హార్మోన్ పొద్దున ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గుతుందని, తిన్న తర్వాత ఇంకా తగ్గుతుందని, జబ్బు చేసినప్పుడు కొన్నాళ్లపాటు పడిపోయి మళ్లీ లేస్తుందని చెప్పారు. పరగడుపున, ఉదయం ఎనిమిదింటికి, కొన్ని వారాల తేడాతో రెండుసార్లు చేయించారు. 241, 256. అమెరికా యూరాలజీ సంఘం గీత 300 దగ్గర గీసింది, ఎండోక్రైన్ సొసైటీ చెప్పే కింది హద్దు 264. నేను రెండింటికీ కిందే ఉన్నాను.

అంతటితో కూడా ఆయన మందు రాయలేదు. లోపం వృషణాల్లో ఉందా, వాటికి ఆజ్ఞలిచ్చే మెదడు కింది పిట్యుటరీ గ్రంథిలో ఉందా తెలియడానికి ఆ గ్రంథి నుంచి వచ్చే ఎల్‌హెచ్, దాంతోపాటు ప్రొలాక్టిన్ అనే హార్మోన్లు చూశారు. లావు వల్ల మొత్తం టెస్టోస్టిరాన్ తక్కువగా కనిపించవచ్చని, రక్తంలో దాన్ని పట్టుకుని ఉండే ప్రోటీన్ ఎస్‌హెచ్‌బీజీ చూసి, విడిగా తిరిగే హార్మోన్ ఎంతో లెక్క కట్టారు. ప్రోస్టేట్ కోసం చూసే పీఎస్‌ఏ, రక్తంలో ఎర్రకణాల వాటా ఎంత శాతమో చెప్పే హీమటోక్రిట్ కూడా అయ్యాక గానీ ప్రిస్క్రిప్షన్ చేతికి రాలేదు. ఆ నిదానం అప్పుడు విసుగనిపించింది. ఇప్పుడు ఆయనకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

రెండు మూడు వారాలకోసారి వేసే ఇంజెక్షన్‌తో మొదటి రోజుల్లో హార్మోన్ బాగా పెరిగి, చివరికొచ్చేసరికి పడిపోతుంది. ఆ ఎత్తుపల్లాలు నాకు వద్దనుకున్నాను. రోజుకు 50 మిల్లీగ్రాముల జెల్ సాచెట్ మొదలుపెట్టాం.

రెండో నెలకు కోరిక తిరిగొచ్చింది. ఆ రోజుల్లో కనిపించిన ప్రతి స్నేహితుడికీ "పదేళ్లు వెనక్కి వెళ్లినట్టుంది" అని చెప్పాను. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, కొంత సవరించుకోవాలి. అదే సమయంలో నా గురక సంగతి బయటపడింది. నిద్రలో ఊపిరి ఆగుతోందని తేలి, నిద్రలో మాస్కుతో గాలి పంపే సీపాప్ మెషీన్ పెట్టుకోవడం మొదలుపెట్టాను. తొమ్మిది కిలోలు తగ్గాను. బరువు తగ్గితే టెస్టోస్టిరాన్ దానంతటదే కొంత పెరుగుతుంది. పగటి నీరసం పోవడంలో జెల్ వాటా ఎంతో, మెషీన్ వాటా ఎంతో ఇవాళ నేను విడదీసి చెప్పలేను. కోరిక విషయంలో మాత్రం అది జెల్ వల్లేనని గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో కింద చెప్తాను.

పద్నాలుగో నెలలో మామూలు పరీక్షకు వెళ్లాను. రిపోర్టులో 1,640 అని ఉంది. గుండె జారిపోయింది. డాక్టరు కూడా కంగారుపడి డోసు సగానికి, అంటే 25 మిల్లీగ్రాములకు తగ్గించారు. ఆయన తప్పేమీ లేదు, ఆ అంకె చూస్తే ఎవరైనా అదే చేస్తారు. ఆరు వారాలకు మళ్లీ చూస్తే 1,210. సగం డోసుకు కూడా అంత! అప్పుడు రోజు మార్చి రోజు రాసుకోమన్నారు.

ఈలోగా నేను మాత్రం కిందికి జారిపోతూనే ఉన్నాను. కోరిక మళ్లీ మాయమైంది. రాత్రిళ్లు వేడి ఆవిర్లలా వచ్చి చెమటలు పట్టేవి. చిన్న విషయాలకు మా ఆవిడ మీద విసుక్కునేవాణ్ని, ఆ తర్వాత బాధపడేవాణ్ని. హార్మోన్ ఎక్కువై ఇలా అవుతోందని ఇద్దరం అనుకున్నాం. బరువు అదే, మెషీన్ అదే, మారింది డోసు ఒక్కటే. కోరికను తెచ్చింది జెల్ అని నేను నమ్మేది అందుకే. హీమటోక్రిట్ కూడా పెరగకపోగా 47 నుంచి 44కు దిగింది. టెస్టోస్టిరాన్ నిజంగా అంత ఎక్కువైతే రక్తం చిక్కబడాలి కదా అని డాక్టరు తల పట్టుకున్నారు. "మీరు చెప్పేదానికి, ఈ కాగితం చెప్పేదానికి పొంతన లేదు. ఇంకొక్కసారి చేయించండి" అన్నారు.

ఈసారి ల్యాబ్‌లో కొత్తమ్మాయి ఉంది. చొక్కా చేయి పైకి మడిచి, పట్టీ కట్టబోతూ ఆగింది. "అంకుల్, ఇది టెస్టోస్టిరాన్‌కి కదా. మీరు వాడేది జెల్లా? పొద్దున ఈ చేతికి రాసుకున్నారా?" అని అడిగింది. అవునన్నాను. భుజం నుంచి మోచేతి మడత దాకా, రెండు చేతులకూ, శ్రద్ధగా. సరిగ్గా సూది గుచ్చే చోటు దాకా. ఆ అమ్మాయి సూది పక్కన పెట్టేసింది. చర్మం మీద మిగిలిన మందు సూదితో పాటు శాంపిల్‌లోకి వెళ్తుందని, ఒంట్లో లేని హార్మోన్ కూడా రిపోర్టులో కనిపిస్తుందని చెప్పింది. రక్తంలో ఉండేది గ్రాములో వందకోట్లో వంతుల లెక్క, చర్మం మీద ఉండేది మిల్లీగ్రాముల లెక్క. రవ్వంత చాలు, అంకె తారుమారవడానికి. ముందు స్పిరిట్ దూదితో తుడుస్తారు కదా అనుకున్నాను. ఆ తుడిచేది క్రిముల కోసం, జెల్ కోసం కాదు.

చేతులు బాగా కడుక్కుని, మళ్లీ రాసుకోవలసిన రోజున జెల్ పొట్ట మీద రాసుకుని రమ్మంది. నేను వాడే రకం పొట్ట మీద కూడా రాసుకోవచ్చు. కొన్ని రకాలకు భుజాలు, జబ్బలే చెప్తారు కాబట్టి మీ కాగితం చూసుకోండి. అలాగే చేశాను. 198 వచ్చింది. మందు మొదలుపెట్టక ముందుకన్నా తక్కువ! బయటి నుంచి హార్మోన్ వస్తుంటే ఒళ్లు తన సొంత తయారీ తగ్గించేసుకుంటుంది. దాని పైన మేం డోసు కోసేశాం. ఆ కాగితం పట్టుకుని ల్యాబ్ మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయాను.

పాత డోసుకు వెళ్లాక, ఆరు వారాలకు, రాసుకున్న నాలుగు గంటల తర్వాత చూస్తే 520. అప్పటి నుంచి పరీక్ష రోజున జెల్ పొట్టకే. సూది గుచ్చేవాళ్లు అడగకపోయినా నేనే చెప్తాను. ఈ ఒక్క ముక్క నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

మిగతావి క్లుప్తంగా. జెల్ చర్మం నుంచి చర్మానికి అంటుతుంది. దీనివల్ల పిల్లల్లో ముందే యౌవన లక్షణాలు కనిపించిన కేసులు రావడంతో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో గట్టి హెచ్చరిక పెట్టించింది. మా మనవరాలు వచ్చిన రోజుల్లో స్నానం చేసి, చేతులు పూర్తిగా కప్పే చొక్కా వేసుకున్నాకే ఎత్తుకుంటాను. హీమటోక్రిట్ 54 దాటితే మందు ఆపాలి. నాది ఇప్పటిదాకా 49 దాటలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ల మా మేనల్లుడు నన్ను చూసి తనకూ కావాలన్నాడు. వాళ్లు రెండో బిడ్డ కోసం చూస్తున్నారు. బయటి టెస్టోస్టిరాన్ వీర్యకణాల తయారీని దాదాపు ఆపేయగలదు, అందుకే ముందు డాక్టరుకు ఆ మాట చెప్పమని గట్టిగా చెప్పాను.

ఇది యౌవనం తెచ్చే మందని నేనిప్పుడు ఎవరికీ చెప్పను. 65 దాటిన 790 మంది మగవాళ్లపై ఈ మందుతో జరిగిన పరిశోధనల ఫలితాలు 2016లో వచ్చాయి. లైంగిక జీవితం కొంత మెరుగైంది, హుషారు విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కోరిక విషయంలో నా అనుభవమూ అదే. గుండె జబ్బు ఉన్నవాళ్లు, దాని ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లు ఐదు వేలకు పైగా పాల్గొన్న పరిశోధన 2023లో వచ్చింది. గుండెపోటు, పక్షవాతం పెరగలేదు గానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం జెల్ వాడినవాళ్లలో కొంచెం ఎక్కువగా కనిపించాయి. ఎముకలు విరగడం కూడా వాళ్లలోనే ఎక్కువని తర్వాత తేలింది. అది చదివాక మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటున్నాను.

నాకు లక్షణాలున్నాయి, రెండు పొద్దుటి రిపోర్టులు తక్కువగా వచ్చాయి, ప్రోస్టేట్ బాగుంది, ఇక పిల్లలు వద్దు. ఇవన్నీ కుదిరాయి కాబట్టి నాకు ఇది మంచి మందే. వీటిలో ఒక్కటి తేడా ఉన్నా నేనైతే ఇంకోలా ఆలోచించేవాణ్ని.

బరువు తగ్గింది, నిద్ర బాగుపడింది కాబట్టి ఒకసారి జెల్ ఆపి, సొంత హార్మోన్ ఎంత తిరిగొస్తుందో చూద్దామా అని డాక్టరు పోయినసారి అడిగారు. కోలుకోవడానికి నెలలు పట్టవచ్చన్నారు. ఆ మూడు నెలలు గుర్తొచ్చి వెంటనే ఒప్పుకోలేకపోయాను. ఎండాకాలం పోయాక చెప్తానన్నాను.