గ్రీస్ ఫ్యామిలీ ప్యాకేజీకి డబ్బు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

"ఐదు గ్రీకు దీవులు, ప్రాచీన శిథిలాలు, ఫోర్ స్టార్ హోటళ్ళు, రోజూ ఇండియన్ డిన్నర్" అని హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఏజెన్సీ అమ్మిన ప్యాకేజీ మీద 2025 జూలైలో నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్య గ్రీస్ వెళ్ళొచ్చాం. మొత్తం తొమ్మిది లక్షల పైచిలుకు అయింది. ఏజెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకటి, కేసు నడుస్తోంది. రెండు, ఇలాంటి బ్రోచర్లు పట్టుకు తిరిగేది వాళ్ళొక్కరే కాదు, ఒక పేరు చెబితే ఆ పేరొక్కటే గుర్తుపెట్టుకుని పక్క ఆఫీసులో ఇదే సరుకు కొనుక్కుంటారు. అందుకే ఎక్కడెక్కడ ఎలా కోత పెట్టారో చెబుతాను, మీ చేతిలో ఉన్న కాగితంతో పోల్చి చూసుకోండి.

ముందు ఆ "ఐదు దీవుల" సంగతి. మేం ఐదు దీవులంటే ఐదు చోట్ల కాస్త కాలు ఆనించి తిరగొచ్చనుకున్నాం, ఎవరైనా అలాగే అనుకుంటారు. నిజానికి అందులో మూడు దీవులు, అంటే హైడ్రా, పోరోస్, ఏజినా, ఏథెన్స్ నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి వచ్చేసే ఒకే ఒక్క రోజు ఓడ షికారు. ఈ మూడూ ఏథెన్స్‌కి దగ్గర్లోనే సరోనిక్ గల్ఫ్‌లో ఉంటాయి. ఏథెన్స్‌లో ఎవరైనా విడిగా టికెట్ కొనుక్కుని వెళ్ళొచ్చే రకం ట్రిప్పు అది. ఓడలో భోజనం, పాటలు, డాన్సులు, అవన్నీ బాగానే ఉంటాయి. కానీ పోరోస్‌లో దిగి రేవు పక్కన ఫోటో తీసుకునేలోపే ఓడ హారన్ కొట్టేసింది. హైడ్రా మాత్రం మనసుకు నచ్చింది, అక్కడ కార్లూ బైకులూ ఉండవు, సామాను మోయడానికి కంచర గాడిదలే, కాస్త మెట్లెక్కి లోపలి వీధుల్లోకి వెళ్తే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో. అక్కడ ఒక పూట ఉంటే ఎంత బాగుండేది!

ఇక ఏజినా. బ్రోచర్‌లో ఆ దీవి పేరు పక్కన వేసింది అఫైయా గుడి బొమ్మ. సుమారు 2500 ఏళ్ళ నాటి, డోరిక్ అనే ప్రాచీన గ్రీకు శైలి ఆలయం, స్తంభాలు చాలా వరకు నిలబడే ఉన్నాయి, మా బాబు ఆ బొమ్మ చూసే ఎగిరాడు. తీరా దిగాక తేలిందేమిటంటే, గుడి ఉన్నది రేవు దగ్గర కాదు, దీవికి అవతలి వైపు కొండ మీద. దానికి బస్సు విడిగా, డబ్బు విడిగా, అదీ ఓడలోనే ముందుగా పేరు రాయించుకోవాలట. మాతో వచ్చిన టూర్ మేనేజర్‌ని నిలదీస్తే "అది ఆప్షనల్ మేడమ్, ఇక్కడ పిస్తా చాలా ఫేమస్, అది కొనుక్కోండి" అన్నాడు. ఏజినా పిస్తా నిజంగానే ఫేమస్, రుచి కూడా బాగుంది. మేం వచ్చింది పిస్తాల కోసమా?

ఏథెన్స్‌లో దీనికంటే పెద్ద దెబ్బ. ఆ రోజు కార్యక్రమంలో "అక్రోపొలిస్, ఏన్షియంట్ ఏథెన్స్" అని ఉంది. అక్రోపొలిస్ అంటే ఊళ్ళో కొండ మీది ప్రాచీన కోట, పార్థెనాన్ గుడి ఉన్నది దాని మీదే. ఏసీ బస్సెక్కించి, 1896 ఒలింపిక్స్ జరిగిన పాలరాతి స్టేడియం ముందు ఒకసారి, గ్రీకు దేవుడు జియస్ ఆలయం స్తంభాలు కటకటాల్లోంచి కనిపించే చోట ఒకసారి ఆపి, చివరికి కొండ కింద రోడ్డు మీద దింపి పైకి వేలు చూపించారు. అదుగో పార్థెనాన్, ఫోటోలు తీసుకోండి, ఇరవై నిమిషాల్లో వచ్చేయండి అని. లోపలికి టికెట్లేవీ అంటే టూర్ మేనేజర్ మా వోచర్ తెరిచి, అడుగున చీమతలంత అక్షరాల్లో ఉన్న "ఫోటో స్టాప్" అన్న మాట చూపించాడు. బ్రోచర్‌లో పార్థెనాన్ ముందు నవ్వుతూ నిలబడ్డ కుటుంబం ఫోటో వేసి వోచర్‌లో ఫోటో స్టాప్ అని రాస్తే దాన్నేమనాలో మీరే చెప్పండి.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. అక్రోపొలిస్‌కి 2023 సెప్టెంబర్ నుంచి గంటల వారీ స్లాట్లు పెట్టారు, రోజుకు 20,000 మందికి మించి పంపరు. 2025 ఏప్రిల్ నుంచి పూర్తి టికెట్ 30 యూరోలు, అంతకుముందు వేసవిలో 20 ఉండేది. అక్రోపొలిస్‌తో పాటు మరికొన్ని శిథిలాలు కలిపి ఒకే టికెట్ మీద చూసే పాత కాంబో కూడా తీసేశారు. అంటే ఏజెంట్లకు అక్కడే ఖర్చు బాగా పెరిగింది, అందుకే ముందుగా కత్తెర పడేది కూడా అక్కడే. మేం అక్కడికక్కడ ఫోన్‌లో చూస్తే పొద్దుటి స్లాట్లన్నీ అయిపోయాయి. పైగా ఆ రోజు వడగాడ్పులు, మధ్యాహ్నం 1 నుంచి 5 వరకు కొండ మూసేశారు. జూలైలో ఎండ ముదిరినప్పుడు అక్కడ అలా మూస్తారు. చివరికి సాయంత్రం స్లాట్ సొంత డబ్బుతో కొనుక్కుని ఎక్కాం. మెట్లు, బండలు అన్నీ వేల ఏళ్ళుగా జనం నడిచి నున్నగా అరిగిపోయిన పాలరాయి, చెప్పులు జర్రున జారతాయి, గ్రిప్ ఉన్న బూట్లు తప్పనిసరి. పైన నిలబడితే మాత్రం, క్రీ.పూ. 447లో మొదలుపెట్టిన కట్టడం అంటే నమ్మబుద్ధి కాదు.

నాకు ఇప్పటికీ కడుపు మండేది మా అత్తయ్య విషయంలో. మోకాళ్ళ నొప్పులున్నాయి, కర్ర పట్టుకుని నడుస్తారు. బుకింగ్ అప్పుడే అడిగితే "పెద్దవాళ్ళకు అక్కడ అవ్వదు మేడమ్, అమ్మగారిని బస్సులో కూర్చోబెడతాం, ఏసీ వేసి ఉంచుతాం" అన్నారు. కొండ ఉత్తరం వైపు నడవలేని వాళ్ళ కోసం లిఫ్ట్ ఉంది! 2020లో కొత్తది పెట్టారు. ఆ సంగతి మాకు చెప్పింది గేటు దగ్గరున్న ఉద్యోగిని. సాయంత్రం అత్తయ్య ఆ లిఫ్ట్‌లోనే పైకొచ్చి పార్థెనాన్ చుట్టూ మెల్లగా తిరిగారు. రోజూ జనాన్ని తీసుకెళ్ళే ఏజెన్సీకి ఇది తెలియదంటే నేను నమ్మను, ఆగడం ఇష్టం లేదు, అంతే.

మిగతా రెండు దీవులు మైకొనోస్, శాంటోరిని. మైకొనోస్ గురించి ఎక్కువ చెప్పను. అక్కడికి వెళ్ళడంలో మా ఆశంతా పక్కనున్న డెలోస్ దీవి మీద. అపోలో దేవుడు పుట్టాడని ప్రాచీన గ్రీకులు నమ్మిన దీవి, ఊరు ఊరంతా శిథిలాలు, యునెస్కో జాబితాలో 1990 నుంచి ఉంది. రాత్రి ఉండటానికి వీల్లేదు, పాత రేవు నుంచి చిన్న పడవలో వెళ్ళి రావాలి. ఆ రోజు గాలికి పడవలు ఆపేశారు. అది ఎవరి తప్పూ కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ పడవ డబ్బు, టికెట్ డబ్బు మేం ముందే కట్టేశాం కదా, అదేమైంది? ఇప్పటిదాకా జవాబు లేదు.

హోటల్ సంగతికొస్తే, శాంటోరినిలో "కాల్డెరా వ్యూ" అన్నారు. అంటే అగ్నిపర్వతం పేలి కూలిన గొయ్యిలోకి సముద్రం వచ్చిన వైపు, మనం ఫోటోల్లో చూసే తెల్ల ఇళ్ళు, నీలం గుమ్మటాల వైపు. దింపింది దీవికి పూర్తిగా అవతల, విమానాశ్రయం పక్కన. కిటికీ తీస్తే రన్‌వే. వోచర్‌లో హోటల్ పేరు పక్కన "లేదా తత్సమానమైనది" అని ఉంటుంది చూడండి, ఆ ఒక్క మాటతో మిమ్మల్ని దీవిలో ఏ మూలకైనా తోసేయొచ్చు.

అది ఫోర్ స్టార్ కూడా కాదని ఎలా తేలిందో వినండి, ఇది మీకూ పనికొస్తుంది. గ్రీస్‌లో హోటల్ గదికి రాత్రికి ఇంత అని ప్రభుత్వ రుసుము ఉంది, వాతావరణ విపత్తుల నిధి కోసం, స్టార్‌ని బట్టి మారుతుంది. 2025లో ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు త్రీ స్టార్‌కి 5 యూరోలు, ఫోర్ స్టార్‌కి 10, ఫైవ్ స్టార్‌కి 15. మామూలుగా ఇది ప్యాకేజీలో ఉండదు, కౌంటర్ దగ్గర మనమే కట్టాలి. మా దగ్గర గదికి 5 చొప్పున తీసుకుని రసీదు ఇచ్చారు. మావారు ఆ రసీదు చూసి, ఇదేంటి పది కదా అని అడిగితే రిసెప్షన్ అమ్మాయి "మాది త్రీ స్టారే" అని తాపీగా చెప్పింది. ఆ రసీదే ఇప్పుడు మా కేసులో మొదటి కాగితం. ఆ రసీదు పారేయకండి.

ఇండియన్ డిన్నర్ అంటే చల్లారిన అన్నం, బంగాళాదుంప కూర, రోజూ అదే. బయట చిన్న హోటళ్ళలో శాకాహారులకు ఎంత మంచి తిండి ఉందో! శాంటోరినిలో ఫావా అని పసుపు రంగు పప్పు బద్దలతో చేస్తారు, అచ్చం తాలింపు వెయ్యని ముద్దపప్పులా ఉంటుంది, పైన ఉల్లిపాయ ముక్కలు, ఆలివ్ నూనె. టమాటాల్లో, క్యాప్సికంలో బియ్యం కూరి వండే గెమిస్తా కూడా అత్తయ్యకు తెగ నచ్చింది, మాంసం లేకుండా చేసిందేనా అని అడిగి తీసుకోండి. డిన్నర్ పేరుతో లెక్కగట్టిన సొమ్ము దండగ.

ఒకరోజు టూర్ వాళ్ళని వదిలేసి మేమే శాంటోరినిలోని ప్రధాన ఊరు ఫిరా నుంచి లోకల్ బస్సులో అక్రోతిరి వెళ్ళాం. క్రీ.పూ. 1600 ప్రాంతంలో అగ్నిపర్వతపు బూడిద కింద కూరుకుపోయిన ఊరు, పైన పెద్ద కప్పు వేశారు కాబట్టి ఎండ బాధ లేదు. రెండంతస్తుల ఇళ్ళు, భూకంపానికి మధ్యకు విరిగిన రాతి మెట్లు, వరసగా నిలబెట్టిన నిలువెత్తు మట్టి కాగులు. మనుషుల అస్థిపంజరాలు దొరకలేదు, పేలుడుకు ముందే జనం వెళ్ళిపోయారంటారు. మా పాప ఆ మెట్ల దగ్గరి నుంచి కదిలితే ఒట్టు. మొత్తం ట్రిప్పులో పిల్లలు ఇప్పటికీ చెప్పుకునేది ఇదొక్కటే, ఇది మా ప్యాకేజీలోనే లేదు.

అసలు నష్టం చివర్లో. పొద్దున శాంటోరిని నుంచి స్పీడ్ ఫెర్రీలో ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవుకి, అదే రాత్రి ఏథెన్స్ నుంచి విమానం. ఏజియన్ సముద్రంలో జూలై, ఆగస్టుల్లో మెల్తెమి అని ఉత్తరపు గాలి రోజుల తరబడి వీస్తుంది, ఇది అక్కడ పసిపిల్లాడికి కూడా తెలిసిన విషయం. గాలి ఒక స్థాయి దాటితే ఓడలు కదలనివ్వరు, అందులోనూ స్పీడ్ ఫెర్రీలే ముందు ఆగుతాయి. మాదీ ఆగింది. విమానం పోయింది. "ప్రకృతి వైపరీత్యం, కంపెనీ బాధ్యత లేదు" అని చేతులు దులుపుకున్నారు. గాలి వాళ్ళ చేతిలో లేదు సరే, ద్వీపం నుంచి వచ్చిన రోజే ఇంటికి విమానం పెట్టింది ఎవరు? ఏథెన్స్‌లో ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగుల్చుకోవడానికే కదా?

అంతటితో ఆగలేదు. పాత ఫెర్రీ టికెట్ పోయింది, కొత్తది కొనాలని బ్యాచ్‌లో తలకు 80 యూరోలు నగదు వసూలు చేశారు. నాకు అనుమానం వచ్చి కౌంటర్‌కి వెళ్ళి అడిగితే, రద్దయిన ఓడ టికెట్‌కి ఊరికే తేదీ మార్చి ఇస్తాం, లేదంటే బుక్ చేసిన వాళ్ళకే డబ్బు వాపసు వెళ్తుంది అన్నారు. యూరోపియన్ యూనియన్ రూలే అది, 2010 నాటి 1177 నంబర్ రెగ్యులేషన్. ఓడ రద్దయినా, 90 నిమిషాలకు మించి ఆలస్యమవుతుందని తెలిసినా, అదనపు ఖర్చు లేకుండా వేరే ఓడ గానీ టికెట్ సొమ్ము గానీ ఇవ్వాలి. వాతావరణం పేరు చెప్పి నష్టపరిహారం ఎగ్గొట్టొచ్చు, ఇది మాత్రం ఎగ్గొట్టడానికి లేదు. తిరిగొచ్చి ఈ మాట అంటే టూర్ మేనేజర్ నోరు మెదపలేదు. మా ఐదుగురి డబ్బు వెనక్కిచ్చాడు, మిగతా వాళ్ళకి "తర్వాత చూద్దాం" అన్నాడు.

ఇంటికొచ్చాక ఇంకో బాగోతం. బిల్లులో ఐదు శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్ళే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను, పట్టుకున్నారు, అది వాళ్ళు మన పాన్ మీద ప్రభుత్వానికి కట్టాలి, మనం రిటర్న్‌లో తిరిగి తీసుకోవచ్చు. మావారి పేరు మీద జమైన పన్ను చూపించే ఫారం 26ఏఎస్ తెరిచి చూస్తే ఒక్క రూపాయి లేదు. లీగల్ నోటీసు వెళ్ళాక కదిలారు. విదేశీ ప్యాకేజీ కొన్న ప్రతి ఒక్కరూ ఇది తప్పకుండా చూసుకోండి, చాలామంది అసలు తెరిచి కూడా చూడరు.

కాబట్టి బ్యాలెన్స్ కట్టకముందే, ఏ దీవిలో ఎన్ని రాత్రులు పడుకుంటామో పేర్లతో సహా మెయిల్‌లో రాయించుకోండి. ఒక్క రాత్రి కూడా ఉండని దీవిని లెక్కలోంచి కొట్టేయండి. ప్రతి శిథిలానికీ లోపలికి ఎంట్రీ ఉందా, ఏ టైము స్లాట్, టికెట్ మీ చేతికి ఎప్పుడిస్తారు అని విడివిడిగా అడగండి. "అన్నీ ఇన్‌క్లూడెడ్ మేడమ్, టెన్షన్ పడకండి" అని ఫోన్‌లో చెప్పే మాట మాటే కాదు. హోటల్ పేరు ఖరారు చేయించి మ్యాప్‌లో అది దీవికి ఏ పక్క ఉందో చూడండి. ఆఖరి రాత్రి ఏథెన్స్‌లోనే ఉండాలి, దీనికి ఒప్పుకోని వాళ్ళ దగ్గర కొననే వద్దు. డబ్బు కంపెనీ ఖాతాకే వేయండి, మాతో అడ్వాన్స్ ఒక ఉద్యోగి సొంత ఫోన్ నంబర్‌కి వేయించబోయారు, మావారు ఒప్పుకోలేదు కాబట్టి సరిపోయింది.

ఇప్పటికే ఇరుక్కున్న వాళ్ళు ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. వాళ్ళు మన ఫిర్యాదు ఏజెన్సీకి పంపుతారు, కొన్ని అక్కడే తేలిపోతాయి. మాది తేలలేదు. తర్వాత ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు పెట్టాం. మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్ళలోపు వేయాలి, కట్టిన సొమ్ము ఐదు నుంచి పది లక్షల మధ్య అయితే ఫీజు 200 రూపాయలే, ఐదు లోపైతే అదీ లేదు. బ్రోచర్, వోచర్, వాట్సాప్ మెసేజీలు, హోటల్ రసీదు, కొత్తగా కొన్న విమానం టికెట్లు అన్నీ జత చేశాం. నోటీసు అందాక వాళ్ళు "వచ్చే ట్రిప్పులో డిస్కౌంట్ ఇస్తాం, కేసు వెనక్కి తీసుకోండి" అని కబురు పెట్టారు. తీసుకోలేదు. జూలై బ్యాచ్‌లో మాతో వచ్చిన వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే మీ ఫెర్రీ డబ్బు అడగండి, మా ఫిర్యాదు కాపీ కావాలంటే ఇస్తాను.