ఎస్పీ రోడ్డులో ‘కొత్త’ డల్లాస్ చిప్ కొనేవాళ్ళూ, జాగ్రత్త

పాత 486 రకం కంప్యూటర్ బోర్డులు పెట్టుకున్న బెంగళూరు వాళ్ళందరికీ చెప్తున్నా. ఎస్పీ రోడ్డులో ‘సీలు విప్పని స్టాకు’ అని అంటగడుతున్న డల్లాస్ కంపెనీ డీఎస్12887 గడియారం చిప్పులు (కంప్యూటర్ ఆపేసినా టైమూ, సెట్టింగులూ గుర్తుపెట్టుకునేవి) కొనకండి. ఇప్పుడే అక్కణ్ణుంచి వస్తున్నా. 850 రూపాయలు పోయాయి, పైగా మాటలు పడి వచ్చాను. కొట్టు పేరు రాయను, మీలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది.

కథ మామూలే. గడియారం బ్యాటరీ చచ్చింది. ఆన్ చేసినప్పుడల్లా సెట్టింగులు పోయాయని సీమాస్ ఎర్రర్, తేదీ 1980 జనవరి 1, హార్డ్ డిస్క్ సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు మళ్ళీ చేత్తో కొట్టాలి. ఈ చిప్పులో లిథియం సెల్ లోపలే ఉంటుంది, పైన రెసిన్ పోసి మూసేస్తారు. పదేళ్ళు వస్తుందని కంపెనీ మాట. నాది 1995 నాటిది, పాపం చాలా ఎక్కువే లాగింది.

“అన్నా, డేట్ కోడ్ చూడండి, 1432. 2014లో ముప్పై రెండో వారం. ఫ్యాక్టరీలో గడియారం నడిపే ఆసిలేటర్ ఆపేసే పంపుతారు, బోర్డులో పెట్టేదాకా సెల్ ఖర్చవదు” అన్నాడు కొట్టువాడు. ఆసిలేటర్ సంగతి నిజమే, అక్కడే పడిపోయాను. మోసం చేసేవాడు చిప్పు వివరాలుండే డేటాషీట్ చదువుకుని మరీ కూర్చుంటాడని ఎవరనుకుంటారు! పైగా చిత్తూరు యాస. మనవాడే కదా అని బేరం కూడా ఆడలేదు, అంత తెలివి నాది.

పాతది పీకి, సాకెట్ వేసి, దీన్ని గుచ్చాను. టైమ్ పెట్టాను, నడిచింది. రాత్రి ఆపేసి పొద్దున ఆన్ చేస్తే మళ్ళీ 1980.

అనుమానం వచ్చి దూదికి కాస్త యాసిటోన్ అద్ది చిప్పు వీపు మీద రుద్దాను. దూది నల్లబడింది. తెల్ల అక్షరాలు ముందు అలుక్కుపోయాయి, తర్వాత ఆ నల్ల పూతతో సహా లేచొచ్చాయి. కింద, గరుకుకాగితం గీతల మధ్య సగం చెరిగిన అంకెలు: 9621. అంటే 1996 సరుకు! నా చచ్చినదానికి చెల్లెలన్నమాట. కాళ్ళ మొదట్లో పాత సోల్డర్ ఇంకా అంటుకునే ఉంది. ఏదో బోర్డు నుంచి పీకి, రంగేసి, అంకెలు అచ్చేసి అమ్మాడు.

తీసుకెళ్ళి కౌంటర్ మీద పెట్టాను. చేతిలోకి కూడా తీసుకోలేదు. “యాసిటోన్ పోసి పాడుచేసి తెస్తే నేనేం చేసేది సార్?” అన్నా పోయి సార్ వచ్చింది! కింది అంకెలు చూపించాను. పక్కనున్న కుర్రాడితో కన్నడలో ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, “టైమ్ చూసుకోడానికి మీ దగ్గర ఫోన్ లేదా సార్?” కొట్లో కేబుళ్ళు ఏరుకుంటున్నవాళ్ళు కూడా నవ్వారు. డబ్బు సంగతి సరే, ఆ నవ్వుకి ఇంకా ఒళ్ళు మండుతోంది. బిల్లు చూపించి గొడవ పెట్టుకుందామంటే బిల్లేదీ? “ఈ సామానుకి బిల్లేంటన్నా” అని కొన్నరోజే అనేశాడు.

సరే, కొనక తప్పకపోతే యాసిటోన్ దూది జేబులో పెట్టుకుని వెళ్ళండి, అక్కడే రుద్దుతానని చెప్పండి. వద్దంటే వచ్చేయండి. మల్టీమీటర్ పనికిరాదు, సెల్ కాళ్ళు బయటికి రావు. అసలు కొత్త చిప్పే అక్కర్లేదు. చచ్చినదాన్నే 16, 20 నంబరు కాళ్ళు ఉండాల్సిన చోట పక్కనుంచి అరగదీసి, లోపలి సెల్ కనెక్షన్ తెంచి, సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ హోల్డర్ వైర్లు అతికించుకోండి. 20 ప్లస్, 16 మైనస్. బోర్డు మీద నీలం బ్యారెల్ బ్యాటరీ ఉన్నవాళ్ళు మాత్రం దాని స్థానంలో ఈ బిళ్ళ నేరుగా పెట్టొద్దు. బోర్డు దాన్ని చార్జ్ చేయబోతుంది, మధ్యలో కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ లేకపోతే ప్రమాదం.