బర్గండీ ద్రాక్షతోటలు: ఎక్కడ దిగాలి, ఏ గోడ వెంట నడవాలి

ఫ్రాన్స్‌లో పాత వైన్ ఎస్టేట్లు చూడాలనుకునేవారు టికెట్లు కొనక ముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. బోర్డోకు వెళ్ళాలా, బర్గండీకి వెళ్ళాలా? బోర్డోకు ఉత్తరాన మెడోక్‌లో డీ-2 రోడ్డు పట్టుకుంటే బురుజులు, ఇనుప గేట్లు, చెట్ల బారులతో జమీందారీ భవంతుల్లాంటి శాతోలు వరసగా కనిపిస్తాయి. 1855 పారిస్ ప్రదర్శన కోసం వేసిన ఐదు తరగతుల పట్టిక అక్కడ ఇప్పటికీ చెల్లుతోంది. ఆ పట్టికలో హోదా దక్కింది శాతోకు. బర్గండీలో హోదా నేలది. చేను ఎన్ని చేతులు మారినా దాని తరగతి మారదు. భవంతులు చూడాలనుంటే బోర్డోకే వెళ్ళండి. పక్కపక్కనే ఉన్న రెండు చేలకు ధరలో అంత తేడా ఎందుకో కాళ్ళతో నడిచి తెలుసుకోవాలనుంటే మాత్రం బర్గండీని మించింది లేదు.

చేరడం తేలిక. పారిస్ గార్ ద లియోన్ స్టేషన్ నుంచి డిజోన్‌కు టీజీవీ హైస్పీడ్ రైల్లో గంటన్నర పైచిలుకు, అక్కడి నుంచి బోన్ ఊరికి లోకల్ రైల్లో ఇరవై నిమిషాలకు కాస్త అటూఇటూ. ప్రసిద్ధమైన తోటలన్నీ డిజోన్ దక్షిణపు అంచు నుంచి సాంతెనే దాకా దాదాపు 60 కిలోమీటర్ల పొడవున, సన్నటి పట్టీలా ఒకే కొండవాలు మీద ఉన్నాయి. ఈ వాలునే కోత్ దోర్ అంటారు. ఇక్కడ ఒక్కో చేనుకూ పేరుంది, హద్దుంది. అలాంటి చేనును క్లిమా అంటారు. 1,247 క్లిమాలున్న ఈ నేలను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వాలును చదవడం వచ్చాకే మిగతావి చూడాలి. డిజోన్ నుంచి బోన్ దాకా డీ-974 రోడ్డు వాలు పాదం వెంటే సాగుతుంది. రోడ్డుకు తూర్పున పల్లం, బరువైన బంకమట్టి. అక్కడి పంట ఎక్కువగా సీసా మీద ఉత్త ‘బుర్గోన్య్’ (బర్గండీకి ఫ్రెంచి పేరు) అన్న పేరుతో అమ్ముడవుతుంది. పడమటికి ఎక్కేకొద్దీ ముందు గ్రామం పేరు పెట్టుకునే చేలు, ఆపైన రెండో మేటి తరగతి ప్రెమియే క్రూ, నడుమ భాగంలో అన్నిటికన్నా పై తరగతి గ్రాన్ క్రూ వస్తాయి. ఇంకా పైకి పోతే మట్టి పలచబడి, గాలి చల్లబడి, చివరికి అడవి మొదలవుతుంది. నడిమి వాలు గొప్పదనానికి కారణాలున్నాయి. సున్నపురాయి మీద పరుచుకున్న గరప నేలలో నీరు నిలవదు. తూర్పు ముఖంగా ఉండటంతో పొద్దుటి ఎండ నేరుగా తగులుతుంది. కింది చేలంత గడ్డమంచు బెడదా ఉండదు. గ్రాన్ క్రూ వైన్ మొత్తం బర్గండీ ఉత్పత్తిలో నూటికి రెండు వంతులు కూడా ఉండదు. హైదరాబాద్ శివార్లలో పందిళ్ళ మీద పాకిన ద్రాక్ష చూసినవారికి ఇక్కడి తీగలు ఆశ్చర్యంగా ఉంటాయి. నడుము ఎత్తు దాటని మొక్కలు, తీగకూ తీగకూ మధ్య సుమారు ఒక మీటరు, ఎకరాకు నాలుగు వేల దాకా మొక్కలు. ఎర్ర వైన్‌కు పినో న్వార్, తెల్లదానికి షార్డొనే, దాదాపు ఈ రెండు రకాలే.

సమయం ఒక్కపూటే ఉంటే ఆ పూటను క్లో ద వూజోకు ఇవ్వండి. 1098లో పుట్టిన సితో మఠం సన్యాసులు పన్నెండో శతాబ్దం నుంచి దానాలతో, కొనుగోళ్ళతో ముక్కా ముక్కా కూడబెట్టి, చుట్టూ రాతిగోడ కట్టిన తోట ఇది. విస్తీర్ణం 50 హెక్టార్లు, అంటే సుమారు 125 ఎకరాలు. ఫ్రెంచి విప్లవంలో మఠం ఆస్తులు జప్తయి వేలానికి వెళ్ళాయి. ఆ తర్వాత కూడా చాలాకాలం ఒకే యజమాని చేతిలో ఉన్న తోట 1889లో ముక్కలుగా అమ్ముడవడం మొదలైంది. వారసుల పంపకాలు దానికి తోడయ్యాయి. ఇప్పుడు దాదాపు ఎనభై మంది యజమానులు. ఒక్కొక్కరికి కొన్ని వరసలే ఉన్నా సీసా మీద పేరు అందరిదీ ఒకటే, తరగతీ ఒకటే, గ్రాన్ క్రూ. కొనేవారు దెబ్బతినేది ఇక్కడే. గోడ లోపల పై భాగంలో పలచటి గరప నేల, దాని అడుగున రాయి. కింద డీ-974 వైపు మీటరు లోతు బంకమట్టి, వానపడితే నీరు దిగదు. ఈ రెండు కొసల వైన్లూ ఒకటి కావు. అందుకే సీసా కొనేముందు చేను ఎక్కడుందో, చేసింది ఎవరో అడగాలి. గోడ పక్కన కింది గేటు నుంచి శాతో దాకా నడిస్తే, వాన పడిన మర్నాడైతే మరీ, బూట్లకు అంటుకునే మట్టే ఈ తేడా చెబుతుంది.

లోపలి శాతోలో వైన్ తయారీ లేదు. చాలామంది అక్కడ పీపాలు ఉంటాయనుకుని వెళ్ళి నిరాశపడతారు. పన్నెండో శతాబ్దపు సరుకు కొట్టు, ఓక్ దూలాలతో చేసిన నాలుగు భారీ ద్రాక్ష గానుగలు, 1551లో కట్టిన భవనం, ఇవీ చూడవలసినవి. ఆ గానుగల కోసమైనా గంటన్నర కేటాయించాలి. 1934లో ఏర్పడిన తాస్త్‌వాన్ వీరుల సంఘం అనే బర్గండీ వైన్ ప్రియుల కూటమి విందులన్నీ ఇక్కడే జరుగుతాయి. విందు ఉన్న రోజు సందర్శన వేళలు తగ్గవచ్చు కాబట్టి ముందురోజు సరిచూసుకోండి.

అక్కడి నుంచి రొమానె-కోంతి అనే పేరుమోసిన చేను నడకదూరమే. 1.8 హెక్టార్లు, నాలుగున్నర ఎకరాలు. ఒక రాతి శిలువ, మోకాలెత్తు గోడ, తోటలోకి దిగవద్దని విన్నపం రాసిన పలక. అంతకుమించి ఏమీ ఉండదు. డొమేన్‌లోకి, అంటే ఈ చేను గల వైన్ ఎస్టేట్‌లోకి, సందర్శకులను రానివ్వరు, అడిగి లాభం లేదు. అయినా వెళ్ళవలసిన చోటే. ద్రాక్ష వేళ్ళను తినే ఫిలాక్సెరా పురుగు దాడి తర్వాత చుట్టుపక్కల అంతా అమెరికన్ వేరు మీద అంటుకట్టుకుంటే, ఈ చేను 1945 దాకా సొంత వేళ్ళ మీదే నిలిచింది. ఆ ఏడాది పంట తర్వాత పీకేసి మళ్ళీ నాటారు. అందుకే 1946 నుంచి 1951 దాకా ఈ పేరుతో సీసా లేదు. వరసల మధ్యకు దిగడం, గెల తెంపడం, గోడ మీద కూర్చోవడం, ఈ మూడూ చేయకండి. సిమెంటు లేకుండా పేర్చిన గోడ ఒక రాయి కదిలితే వరసగా జారుతుంది.

బస విషయంలో మా సలహా బోన్‌లోనే, అదీ పాత కోటగోడ లోపల. స్టేషన్ పదిహేను నిమిషాల నడక, సెల్లార్లన్నీ (వైన్ నిలవచేసే నేలమాళిగలు) ఊరి అడుగునే ఉన్నాయి, రుచి చూశాక కారు తాళం ముట్టుకోనక్కర్లేదు. ఇబ్బందులూ ఉన్నాయి. పాత ఇళ్ళలో లిఫ్టు ఉండదు, మెట్లు మెలికలు తిరిగి ఉంటాయి, పెద్దవాళ్ళతో వెళ్తే కింది అంతస్తు గది ఇమ్మని ముందే రాయాలి. గోడ లోపల పార్కింగ్ కష్టం. పల్లెల్లోని శాంబ్ర్ దోత్‌లు, అంటే ఇంటివాళ్ళు తమ ఇంట్లోనే అద్దెకిచ్చే గదులు, చవగ్గా ఆప్యాయంగా ఉంటాయి. కానీ సాయంత్రం ఒక నిర్ణీత వేళలోనే తాళం ఇస్తారు. ఆలస్యమైతే ఫోన్ చేయాలి. రాత్రి భోజనానికి ఊళ్ళో ఏమీ తెరిచి ఉండకపోవచ్చు. శాకాహారులకు వంటగది ఉన్న జీత్ అద్దె ఇల్లే అన్నిటికన్నా మేలు. డిజోన్‌లో హోటళ్ళు ఎక్కువ, ధరలూ నయం, కానీ తోటలకు రోజూ ప్రయాణమే సరిపోతుంది.

బోన్‌లో ఓటెల్-ద్యూ వదలకూడదు. 1443లో బర్గండీ డ్యూక్ మంత్రి నికొలా రోలాన్, భార్య గిగోన్ ద సాలాన్ కలిసి పేదల కోసం కట్టించిన ఆసుపత్రి. 1971 దాకా రోగులు ఇక్కడే ఉన్నారు. రంగురంగుల పెంకుల కప్పు వీధిలోంచి కనిపించదు, అటువైపు సాదా కప్పే. టికెట్ తీసుకుని లోపలి వాకిట్లోకి వెళ్ళాల్సిందే. రోగుల హాలు, వంటిల్లు, మందుల గది చూశాక, చీకటి గదిలో ఉంచిన రోజియే వాన్ డెర్ వైడెన్ ‘అంతిమ తీర్పు’ చిత్రం దగ్గర తీరుబడిగా నిలబడండి. శతాబ్దాలుగా దాతలు ఆసుపత్రికి చేలు రాసిచ్చారు, ఇప్పటికి అవి సుమారు 60 హెక్టార్లయ్యాయి. ఆ వైన్‌ను 1859 నుంచి నవంబరు మూడో ఆదివారం 228 లీటర్ల పీపాల లెక్కన వేలం వేస్తున్నారు. ఆ వారాంతంలో ఊరంతా పండగే, కానీ గదులు నెలల ముందే నిండిపోతాయి, చిన్న డొమేన్లు కొత్తవారికి సమయం ఇవ్వవు. మొదటిసారి వెళ్ళేవారు ఆ వారం మానుకోవడమే మంచిది.

రుచి చూడటానికి రెండు దారులు. పెద్ద వ్యాపార సంస్థలు డబ్బు తీసుకుని సెల్లార్ తిప్పుతాయి. ద్రూయాన్, బూషార్ లాంటివారి సెల్లార్లు బోన్ కింద మధ్యయుగపు గోడల్లో ఉన్నాయి. ఇంగ్లీషులో వివరిస్తారు, నాలుగైదు రకాలు పోస్తారు, వేర్వేరు గ్రామాల వైన్లు పక్కపక్కన చూడొచ్చు. కొత్తవారికి ఇదే సరైన మొదలు. రెండో దారి, అయిదు పది హెక్టార్లు ఉన్న కుటుంబ డొమేన్. అక్కడ మాట్లాడేదీ పోసేదీ రైతే. నాలుగైదు వారాల ముందే ఈమెయిల్ రాయాలి. ఎంతమంది, ఏ రోజు, ఏ భాష అన్నవి చాలు, ఫ్రెంచిలో రెండు వాక్యాలు రాస్తే జవాబు వచ్చే అవకాశం పెరుగుతుంది. జవాబు రాకపోతే లేదని అర్థం, తలుపు తట్టకండి. పన్నెండు నుంచి రెండు దాకా భోజన విరామం, ఆదివారం సెలవు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, రోజుకు రెండు డొమేన్లు దాటితే నాలుకకు తేడా తెలియదు.

సెల్లార్‌లో వేసవిలో కూడా 12, 13 డిగ్రీలే, స్వెటర్ తప్పనిసరి. సెంటు రాసుకోవద్దు, వాసన చూడటానికి వచ్చిన అందరికీ అది అడ్డం. ఇక్కడ చాలాచోట్ల ముందు ఎర్రది, తర్వాత తెల్లది పోస్తారు, కంగారు పడనక్కర్లేదు. ఉమ్మేయడం మర్యాదే, పాత్ర ఎక్కడుందో అడగండి. పీపాలోంచి తీసి పోసినప్పుడు గ్లాసులో మిగిలింది పారబోయకుండా ఆగండి, కొందరు దాన్ని తిరిగి పీపాలో పోస్తారు. చలికాలంలో, వసంతంలో పీపాలోని కొత్త వైన్ పుల్లగా, కొద్దిగా గ్యాస్‌తో నాలుకను పొడుస్తుంది. రెండో దశ పులియడం ఇంకా ముగియలేదన్నమాట, అది లోపం కాదు. రుసుము తీసుకోని చోట రెండు మూడు సీసాలు కొనడం పద్ధతి.

బండి గురించి. ఫ్రాన్స్‌లో రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాల్ చేరితే నేరం. కారు తీసుకుంటే నడిపేవారు ఆ రోజు మింగకూడదు. డిజోన్, బోన్ మధ్య గ్రామాల మీదుగా మొబిగో బస్సు ఉంది కానీ ఆదివారాల్లో దాన్ని నమ్ముకోలేం. అన్నిటికన్నా బాగుండేది సైకిల్. బోన్ నుంచి పొమ్మార్, మెర్సో, పులిన్యీ మీదుగా సాంతెనే దాకా ఇరవై కిలోమీటర్ల పైన తోటల మధ్యే ‘వోయ్ దే విన్య్’ బాట. కొద్దిగా ఎత్తుపల్లాలున్నాయి, బ్యాటరీ సైకిల్ తీసుకుంటే హాయి. అలిసిపోతే దగ్గర్లోని షాన్యీ స్టేషన్లో సైకిల్‌తో సహా లోకల్ రైలెక్కి బోన్ తిరిగి రావచ్చు. మినీబస్సు టూర్లలో రుచి చూసే రుసుము టికెట్లో కలిసి ఉందా, ఎన్ని రకాలు పోస్తారు, తోటలో దించి నడిపిస్తారా అని మూడు ప్రశ్నలు అడిగాకే డబ్బు కట్టండి. మూడోదానికి సరైన జవాబు లేకపోతే వదిలేయండి.

తిండి దగ్గర మనవాళ్ళు జాగ్రత్తపడాలి. ఇక్కడి పేరున్న వంటలు గొడ్డుమాంసం, పంది, నత్తలు. కోడిగుడ్లు ఎర్ర వైన్‌లో వండే ‘అఫ్ ఆన్ మెరెత్’లోనూ పంది ముక్కలు వేస్తారు. సూప్‌లో మాంసం రసం ఉంటుంది, అడగనిదే చెప్పరు. జున్నుతో చేసే గుజేర్ పఫ్‌లు గుడ్డు తినేవారికి క్షేమం. చాలా సంప్రదాయ జున్నుల్లో దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ పడుతుంది, పట్టింపు ఉన్నవారు గమనించండి. శనివారం బోన్ సంతలో కూరగాయలు, పళ్ళు, రొట్టె తీసుకుంటే ఆ రోజు గడిచిపోతుంది. మద్యం ముట్టనివారికి, పిల్లలకు బోన్‌లోని ఫాలో ఆవాల మర బాగుంటుంది. మన ఆవపిండి ఘాటుకు అలవాటుపడ్డ ముక్కుకు అక్కడి రాతి తిరగలి గది కొత్తగా అనిపించదు. న్యూయీ-సాన్-జోర్జ్‌లో కాసిస్ అనే చిన్న నల్ల పండ్ల ప్రదర్శనశాల, సవిన్యీ శాతోలో యుద్ధవిమానాల వరసలు ఉన్నాయి.

కాలం ఎంచుకోమంటే మే, జూన్. సెప్టెంబరు కోతలు చూడముచ్చటే, ఈ మధ్య ఆగస్టు చివర్లోనే మొదలవుతున్నాయి కూడా, కానీ అప్పుడు రైతుకు మాట్లాడే తీరికుండదు. ఆగస్టు నడుమ, జనవరిలో చాలా డొమేన్లు మూసేస్తారు. ఏప్రిల్లో గడ్డమంచు భయం. 2016 మంచు రాత్రుల్లోనూ, చేలల్లో వేల మైనపు దీపాలు వెలిగించినా 2021లోనూ పంట చాలా పోయింది. అలాంటి రాత్రి మర్నాడు అపాయింట్‌మెంట్ రద్దయితే నొచ్చుకోకండి.

సీసాలు తెచ్చుకునేవారికి లెక్క ఇది. భారత కస్టమ్స్ ఒక్కో పెద్దవారికి పన్ను లేకుండా ఒప్పుకునేది 2 లీటర్లు. 75 సెంటీలీటర్ల సీసాలు రెండైతే లీటరున్నర, మూడోది పెడితే పరిమితి దాటుతుంది. నిండు సీసా బరువు 1.3 కిలోల నుంచి మొదలు. చేతి సామానులో కుదరదు. గాలి నింపిన కవరులో చుట్టి, పెట్టె నడుమ బట్టల మధ్య పడుకోబెట్టండి, అంచుకు తగలనివ్వద్దు. ఒకే దుకాణంలో 100 యూరోలు దాటి కొంటే పాస్‌పోర్ట్ చూపించి పన్ను వాపసు పత్రం అడగండి. విమానాశ్రయంలో పెట్టె అప్పగించక ముందే పాబ్లో అనే కస్టమ్స్ యంత్రం దగ్గర ఆ పత్రం స్కాన్ చేయాలి. పెట్టె అప్పగించేశాక అధికారి సీసాలు చూపించమంటే చూపడానికి ఉండవు, వాపసూ రాదు.