కాశీకి పోవడానికి బెంగళూరు ఎందుకు?

శంషాబాద్ నుంచి కాశీకి గాలిమార్గంలో సుమారు 1,020 కిలోమీటర్లు. నేరుగా పోయే విమానానికి అటూఇటూగా రెండు గంటలు. మహబూబ్‌నగర్‌లో మాకు టికెట్లు చేసిన ఏజెంటు మాత్రం మమ్మల్ని ముందు బెంగళూరుకు పంపించాడు. ఉత్తరానికి పోవాల్సినవాళ్లం 455 కిలోమీటర్లు దక్షిణానికి పోయి, అక్కడి నుంచి మళ్లీ 1,460 కిలోమీటర్లు పైకి! తెల్లారకముందే జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా కారులో (2,600, టోల్ వేరే) శంషాబాద్ చేరాం. ఎనిమిది కాకముందే విమానంలో మా పాలమూరు, అదే మహబూబ్‌నగర్ మీదుగానే వెనక్కి వచ్చాం.

"ఒకటే ఫ్లైటన్నా, నడుమ ఆగుతది అంతే" అన్నాడు ఏజెంటు. మనిషికి 9,400. అదే రోజు నేరుగా పోయేది 7,900కే ఉండేదని మా బావమరిది లైన్లో నిలబడి ఫోన్‌లో చూపించాడు. ఏజెంటు నా దోస్తు కావడంతో, మా ఆవిడ బెంగళూరు దాకా నాతో మాట్లాడలేదు.

అక్కడ దిగాక అసలు సంగతి తెలిసింది. అవి రెండు వేర్వేరు కంపెనీల టికెట్లు, రెండు పీఎన్‌ఆర్‌లు (బుకింగ్ నంబర్లు). కాబట్టి సామాను దానంతటది కాశీకి పోదు. బెల్టు దగ్గర తీసుకుని, బయటికొచ్చి, ఇంకో టెర్మినల్‌కు బస్సులో పోయి, మళ్లీ చెకిన్, మళ్లీ సెక్యూరిటీ. శంషాబాద్‌లో నలుగురి సామాను కలిపి చూసి వదిలేశారు. ఇక్కడ విడివిడిగా తూచారు. సకినాలు, నెయ్యి డబ్బాతో అత్తమ్మ సంచి 19 కిలోలు తేలింది. పరిమితి 15. నాలుగు కిలోలకు 2,200 కట్టించుకున్నారు. బతిమాలితే కౌంటర్లో అమ్మాయి తల కూడా ఎత్తలేదు.

తర్వాతి విమానం ఒంటిగంట దాటాక. ఆ టెర్మినల్‌లోని వెదురు పైకప్పు, చెట్లు చూడ్డానికి బాగానే ఉన్నాయి కానీ ఎంతసేపని చూస్తాం? ఇడ్లీ ప్లేటు 240. "ఈ పైసలకు మన తాన బియ్యం సంచి తెచ్చుకోవచ్చు" అని అత్తమ్మ ముట్టుకోలేదు, సకినాలు తీసి అందరికీ పంచింది. కాశీలో దిగేసరికి నాలుగు కావస్తోంది. రెండు గంటల దారికి ఇంటి నుంచి లెక్కేస్తే పన్నెండు గంటలు.

బాబత్‌పూర్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్లోకి పాతిక కిలోమీటర్లు, క్యాబ్‌కు 900. సందుల్లోకి కారు రాదు, సోనార్‌పురా దగ్గర దిగి నడవాలి. మానససరోవర్ ఘాట్ దగ్గరి ఆంధ్రాశ్రమంలో దిగాం. గది మామూలుదే, కానీ శుభ్రం. మరునాడు మధ్యాహ్నం అక్కడ పప్పు, చారు, మజ్జిగతో భోజనం పెట్టారు. ఆకు ముందు కూర్చున్నాక అత్తమ్మ ముఖం విచ్చుకుంది, నాకూ కోపం సగం దిగింది. తెలుగువాళ్లు హోటళ్లు వెతుక్కోకుండా ముందు ఇక్కడ అడగండి.

దర్శనాలు, పడవ, అన్నీ సాఫీగా జరిగాయి. తిరుగు టికెట్ మేమే నేరుగా తీసుకున్నాం, కునుకు తీసేలోపు శంషాబాద్.

ఏజెంటు దగ్గరికి వెళ్తే టికెట్ ధరకంటే ముందు అడగాల్సింది: పీఎన్‌ఆర్ ఒకటేనా, సామాను ఎక్కడ దిగుతుంది? నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. అత్తమ్మ మాత్రం ఈసారి కాశీ మీదుగా పోయే దానాపూర్ రైలే అంటోంది. ఒకరోజు దాటినా సరే, సంచి ఎవరూ తూచరట.